చేప పిండం బతికింది సరే, రేణువు లోపలికి వెళ్లిందా?

ముందు నా తప్పు ఒకటి చెప్పేసి మొదలుపెడతాను. ఈ రోజు నేను చెప్పబోయేదంతా దాదాపు ఆ తప్పులోంచి పుట్టిందే.

చాలా ఏళ్ల కిందటి మాట. ఈ పనికి నేను కొత్త. మందును మోసుకెళ్లే నానో పార్టికల్స్ ఎవరో తయారుచేసి పంపారు, ఎదిగే పిండానికి ఇవి హాని చేస్తాయో లేదో చూసి చెప్పమన్నారు. 24 వెల్స్, అంటే చిన్న గుంటలు ఉన్న ప్లేటు తీసుకుని, వెల్‌కి ఒక జీబ్రాఫిష్ అనే చిన్న చేప గుడ్డు చొప్పున వేసి, వాళ్లిచ్చిన ద్రావణం పోసి, నాలుగు రోజులు పొద్దున్నా సాయంత్రం మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను. నాలుగో రోజు చూస్తే ఒక్కటంటే ఒక్కటి కూడా చావలేదు, అన్నిటికన్నా ఎక్కువ డోసు పోసిన వెల్స్‌లో కూడా! తోకలు నిటారుగా ఉన్నాయి, గుండెలు చక్కగా కొట్టుకుంటున్నాయి. సంబరపడిపోయి సురక్షితం అని రిపోర్టు రాసేశాను. మర్నాడు ఆ ప్లేటు పారేయబోతుంటే మా సీనియర్ ఒకావిడ దాన్ని లైటు వైపు వంచి చూసి, "అడుగున ఆ పేరుకున్నదేమిటి?" అన్నారు. చూస్తే తెల్లటి పొర. నేను పోసిన రేణువుల్లో చాలా భాగం ముద్దలు కట్టి అడుక్కి దిగిపోయాయి. నాలుగు రోజులూ నేను పరీక్షించింది మామూలు నీళ్లలో పెరిగే చేప పిండాలనన్నమాట. అవి బతక్క ఏం చేస్తాయి?

అప్పట్నుంచీ ఎవరైనా "మా నానో పార్టికల్స్ జీబ్రాఫిష్‌లో సేఫ్ అండీ" అంటే నేను మొదట అడిగేది ఒకటే: లోపలికి వెళ్లాయా?

చిన్న సర్దుబాటు ఒకటి. తెలుగులో సెల్‌ని కణం అంటాం, పార్టికల్‌నీ కణం అంటాం. ఈ విషయంలో ఆ రెండూ పక్కపక్కనే వస్తాయి కాబట్టి గందరగోళం అయిపోతుంది. అందుకని ఈ గంటా నేను సెల్‌ని కణం అని, పార్టికల్‌ని రేణువు అని అంటాను. ఎవరైనా పండితులుంటే క్షమించండి.

నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షో వంతు. మందుల కోసం వాడే రేణువులు ఎక్కువగా 50 నుంచి 200 నానోమీటర్ల మధ్య ఉంటాయి. ఇదేదో రేపెప్పుడో రాబోయే సంగతి అనుకోకండి. క్యాన్సర్ మందు డాక్సోరుబిసిన్‌ని కొవ్వు బుడగలో పెట్టి ఇచ్చే డాక్సిల్‌కి అమెరికాలో 1995లోనే అనుమతి వచ్చింది. 2018లో ఆన్‌పాట్రో వచ్చింది, కొవ్వు రేణువులో ఆర్ఎన్ఏని పెట్టి కాలేయానికి పంపే మందు. 2020 చివర్లో వచ్చిన కోవిడ్ ఎంఆర్ఎన్ఏ టీకాల్లోనూ ఉన్నది ఈ కొవ్వు రేణువులే. ఇవి కాక పాలిమర్‌తో చేసేవి ఉన్నాయి, సిలికావి, బంగారానివి, కొమ్మలు కొమ్మలుగా చీలే డెండ్రిమర్లు, ఇంకా చాలా. వీటన్నిటినీ వాడేవాళ్లలో గర్భిణులు కూడా ఉంటారు, గర్భం వచ్చిందని తనకే ఇంకా తెలియని మనిషి కూడా ఉంటుంది. అందుకే పెద్దవాళ్లకు హాని లేదని తేలినంత మాత్రాన సరిపోదు, ఎదిగే దశలో ఏం చేస్తుందో విడిగా చూడాలి.

థాలిడోమైడ్ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1957లో పశ్చిమ జర్మనీలో మార్కెట్‌లోకి వచ్చింది, నిద్రకీ వేవిళ్లకీ వాడారు, 1961 చివర్లో వెనక్కి తీసుకునే లోపు పది వేల మందికి పైగా పిల్లలు చేతులూ కాళ్లూ సరిగా ఏర్పడకుండా పుట్టారు. ఈ కథలో నాకు ముఖ్యంగా అనిపించేది వేరే ఉంది. ఆ మందు ఎలుకల పిల్లల్లో అలాంటి లోపాలు కలిగించదు, కుందేళ్లలో కలిగిస్తుంది. అంటే ఒక జంతువులో ఏమీ కాలేదంటే అన్నిట్లోనూ ఏమీ కాదని కాదు. ఇంకో సంగతి, ఆ మందు శరీరంలో పట్టుకునే ప్రోటీన్ ఏదో 2010లో గానీ తెలియలేదు. దాని పేరు సెరెబ్లాన్, దాన్ని కనిపెట్టిన పనిలో జీబ్రాఫిష్ పిండాలు కూడా ఉన్నాయి. మందు వేస్తే వాటి పక్క రెక్కలు ఎదగడం దెబ్బతింది.

ఇంతకీ చేప ఎందుకు? జీబ్రాఫిష్ అంటే వేలెడంత ఉండే చారల చేప, గంగా బ్రహ్మపుత్రా పరివాహక ప్రాంతాలది. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగా నది చేపల మీద రాసిన పుస్తకంలో దీన్ని మొదటిసారి వర్ణించాడు. ఆ తర్వాత చాలాకాలం అక్వేరియంలో అందానికే ఉంది. దాన్ని ల్యాబ్‌లోకి తెచ్చి నిలబెట్టింది ఆరెగాన్ యూనివర్సిటీలో జార్జ్ స్ట్రైసింగర్. 2013లో దీని జన్యుపటం పూర్తిగా అచ్చయినప్పుడు తేలిందేమిటంటే, మనిషి జన్యువుల్లో సుమారు 70 శాతానికి ఈ చేపలో కనీసం ఒక సరిజోడు జన్యువు ఉంది. ఒక జంట ఒక్క పొద్దునే రెండు మూడు వందల గుడ్లు పెట్టగలదు. గుడ్డు తల్లి కడుపులో కాదు, బయట నీళ్లలో ఎదుగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, పారదర్శకంగా ఉంటుంది, కోయక్కర్లేదు చంపక్కర్లేదు, గుండె ఏర్పడటం కళ్లతో చూడొచ్చు.

ఆ చూడటం గురించి కొంచెం చెప్పనివ్వండి, ఎన్నేళ్లు చేసినా నాకు విసుగు రాని పని ఇదొక్కటే. నీళ్లు 28.5 డిగ్రీల దగ్గర ఉంటే ఈ పిండానికి గడియారం పెట్టుకున్నట్టే. ఫలదీకరణ జరిగాక ముప్పావు గంటకి మొదటి కణం రెండుగా చీలుతుంది, ఆ తర్వాత దాదాపు పావుగంటకో చీలిక. ఐదుంబావు గంటల దగ్గర కణాలు సొన మీదుగా కిందికి పాకుతూ లోపలికి మడత పడతాయి, శరీరంలో ఏది ఎటు, వీపెక్కడ పొట్టెక్కడ అనేది తేలేది ఇక్కడే. పది గంటలకి వెన్ను వెంబడి ఖండాలు ఒక్కో జతగా, దాదాపు అరగంటకో జత చొప్పున కనబడటం మొదలవుతుంది. ఒక్క రోజు తిరిగేసరికి గుండె కొట్టుకుంటుంది! నిన్న లేనిది ఈ రోజు కొట్టుకుంటోంది. రెండు మూడు రోజుల మధ్య గుడ్డు పొర చీల్చుకుని బయటికొస్తుంది. ఐదో రోజుకి తన తిండి తను వెతుక్కుంటుంది.

ఈ గడియారం మనసులో పెట్టుకోండి, కాసేపట్లో దీనితో పని ఉంది.

ఇప్పుడు పరీక్ష. అంతర్జాతీయంగా అందరూ ఒప్పుకున్న పద్ధతి ఒకటుంది, ఓఈసీడీ అనే దేశాల ఆర్థిక సహకార సంస్థ వాళ్ల 236వ నంబరు మార్గదర్శకం, 2013లో వచ్చింది. ఒక్కో గాఢతకి 20 పిండాలు, ఐదు గాఢతలు, 16 కణాల దశ దాటకముందే ద్రావణంలో వేసేయాలి, 26 డిగ్రీలు, 96 గంటలు. రోజూ నాలుగే నాలుగు చూస్తారు: గుడ్డు గడ్డకట్టిందా, ఖండాలు ఏర్పడలేదా, తోక సొన నుంచి విడిపోలేదా, గుండె కొట్టుకోవడం లేదా. నాలుగిట్లో ఏ ఒక్కటి కనబడినా చచ్చినట్టు లెక్క. మామూలు నీళ్లలో ఉన్నవాటిలో 90 శాతమైనా బతకాలి, తెలిసిన విషం డైక్లోరోఅనిలిన్ లీటరుకి 4 మిల్లీగ్రాములు వేసినవాటిలో 30 శాతమైనా చావాలి, లేకపోతే ఆ పరీక్షే చెల్లదు. పద్ధతి బాగుంది, శుభ్రంగా ఉంది, నేను తప్పు పట్టడం లేదు.

కానీ అది నీళ్లలో కరిగే రసాయనాల కోసం రాసినది. దానిలోనే ఒక హెచ్చరిక ఉంది, ఎవరూ చదవరు. అణుభారం 3 కిలోడాల్టన్లు, అంతకన్నా ఎక్కువ ఉన్న పదార్థాలూ, బాగా స్థూలంగా ఉండే అణువులూ గుడ్డు పొర దాటి లోపలికి సరిగ్గా వెళ్లకపోవచ్చు, ఫలితాన్ని జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి అని. 3 కిలోడాల్టన్లకే ఆ మాటంటే, వంద నానోమీటర్ల రేణువు సంగతి ఏమిటి? దాని ముందు ఆ అణువు ఏనుగు పక్కన చీమ.

ఆ గుడ్డు పొర పేరు కోరియాన్. దీని దగ్గర ఆగుదాం, నిజమైన తగువంతా ఇక్కడే ఉంది.

కోరియాన్ నిండా సన్నటి రంధ్రాలుంటాయి, ఒక్కోటి సుమారు 500 నుంచి 700 నానోమీటర్లు. లెక్క ప్రకారం వంద నానోమీటర్ల రేణువు హాయిగా దూరిపోవాలి. 2007లో వెండి నానో రేణువులతో చేసిన ఒక పనిలో, ఒక్కొక్క రేణువూ ఈ రంధ్రాల్లోంచి అటూ ఇటూ ఊగుతూ లోపలికి వెళ్లడం మైక్రోస్కోపు కింద చూశారు కూడా. అవి 5 నుంచి 46 నానోమీటర్ల మధ్యవి. కాబట్టి అసలు వెళ్లవు అనడం తప్పు. వెళ్తాయా లేదా అన్నది రేణువును బట్టి ఉంటుంది, పరిమాణం ఒక్కటే కాదు, పైన ఉన్న చార్జ్, పూత, చుట్టూ ఉన్న నీళ్లు అన్నీ కలిపి. పాజిటివ్ చార్జ్ ఉన్నవి చాలాసార్లు కోరియాన్‌కే అతుక్కుపోతాయి, ఎందుకంటే ఆ పొరకి నెగెటివ్ స్వభావం ఉంది. మీరు ఫ్లోరసెంట్ రంగు వేసి చూస్తే గుడ్డు చుట్టూ దీపాల తోరణం కట్టినట్టు మెరుస్తుంది, ఫోటో అద్భుతంగా వస్తుంది, కానీ పిండంలో ఏమీ లేదు. ఇలాంటి ఫోటో పెట్టి పిండంలో చేరాయని చెప్పినవాళ్లని నేను చూశాను.

ఇంకో మోసం ఆ రంగుదే. రంగు అణువు రేణువు నుంచి ఊడిపోయి, అది చిన్నది కాబట్టి తను మాత్రం లోపలికి వెళ్లిపోతుంది. పిండం మెరుస్తుంది, మనం రేణువే వెళ్లిందనుకుంటాం. కాబట్టి ఊరికే రంగు ఒక్కటే పోసిన ప్లేటు ఒకటి పక్కన తప్పనిసరిగా ఉండాలి.

ఇక ఆ గడియారం సంగతి. కోరియాన్ రేణువులను ఆపేసిందనుకోండి. పిండం పొర చీల్చుకుని బయటికొచ్చేది రెండో రోజు తర్వాత, మూడో రోజు. అప్పుడు గానీ రేణువు పిండాన్ని తాకదు. అప్పటికి ఏమైంది? వీపూ పొట్టా తేలిపోయింది, ఖండాలు అయిపోయాయి, గుండె గదులు వచ్చేశాయి, కళ్లు వచ్చేశాయి. పుట్టుకలోపం కలగడానికి వీలైన కిటికీలన్నీ మూసుకున్నాక మనం రాయి విసిరి, అద్దం పగల్లేదు అని రాసుకుంటున్నాం. 96 గంటల పరీక్ష చేశాం అంటాం, నిజానికి పిండానికి రేణువు తగిలింది చివరి ఇరవై నాలుగు, ముప్ఫై గంటలు మాత్రమే. నాకు దీనికన్నా బాధ కలిగించే సంగతి ఈ రంగంలో ఇంకోటి లేదు, ఎందుకంటే రిపోర్టులో ప్రతి మాటా నిజమే ఉంటుంది, అర్థం మాత్రం తప్పు.

నీళ్ల గురించి కూడా చెప్పాలి, నన్ను ముంచింది అదే కదా. పిండాలు పెంచే నీళ్లలో ఉప్పుంటుంది, కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి. రేణువులు శుద్ధమైన నీళ్లలో ఒకదాన్నొకటి తోసుకుంటూ విడివిడిగా ఉంటాయి, పైనున్న చార్జ్ వల్ల. ఉప్పు పడగానే ఆ తోపు తగ్గిపోయి ఒకదానికొకటి అంటుకుంటాయి. సీసాలో 90 నానోమీటర్లున్నది ప్లేటులో మైక్రాన్లు దాటి (మైక్రాన్ అంటే వెయ్యి నానోమీటర్లు) అడుక్కి దిగుతుంది. అందుకని సైజు కొలవాల్సింది తయారుచేసిన రోజు సీసాలో కాదు. అదే నీళ్లలో, అదే ఉష్ణోగ్రతలో, పోసిన వెంటనే ఒకసారి, 24 గంటలయ్యాక ఒకసారి. పైనీళ్లు తీసి ఎంత మిగిలిందో కొలవండి. పెద్ద ఖర్చు కాదు, ఒక పూట పని. ఈ ఒక్క పూట పని చేసి ఉంటే నా మొదటి రిపోర్టు పుట్టేదే కాదు.

సరే, కోరియాన్ అడ్డమైతే తీసేయొచ్చు కదా? తీయొచ్చు. ప్రోనేస్ అనే ఎంజైమ్‌తో కరిగించొచ్చు, లేదా సన్నటి పట్టకార్లతో చీల్చొచ్చు. చేయి తిరగాలి, మొదట్లో నేను విప్పిన వాటికన్నా చంపినవే ఎక్కువ. మరీ చిన్న వయసులో పొర తీస్తే పిండం ప్లేటు అడుక్కి తగిలి చితికిపోతుంది, అందుకు అడుగున అగరోజ్ అనే జెల్లీ లాంటి పల్చటి పొర వేస్తారు. పొర తీయడమే ఒక దెబ్బ కాబట్టి, పొర తీసి మామూలు నీళ్లలో పెట్టిన పిండాలు ఎన్ని బతికాయో విడిగా చూపించాలి.

రెండో దారి ఇంజెక్షన్. గాజు సూదిని వేడిచేసి లాగి, వెంట్రుక కన్నా సన్నగా చేసి, ఒక నానోలీటరు, అంటే లీటరులో వంద కోట్లో వంతు, లోపలికి ఎక్కిస్తాం. మొదటి కణం దశలోనే సొనలోకి ఎక్కించొచ్చు, లేదా రెండో రోజు నేరుగా రక్తంలోకి, గుండెకి చేరే పెద్ద సిరలోకి. మందు రేణువులను మనుషులకి కూడా ఎక్కువగా రక్తంలోకే ఇస్తాం కదా, కాబట్టి నాకు రెండోది న్యాయంగా అనిపిస్తుంది. డోసు ఎంత వెళ్లిందో ఖచ్చితంగా తెలుస్తుంది. కానీ దీనికీ అదే గడియారం తగులుతుంది, రెండో రోజంటే అవయవాల పునాది అయిపోయింది. అందుకని ఏదో ఒక్క దారి పట్టుకుంటే కుదరదు: తొలి దశకి సొనలోకి, తర్వాతి దశకి రక్తంలోకి, పక్కన పొర తీసి నీళ్లలో ఒకటి. మూడూ కలిపి చూస్తే గానీ బొమ్మ రాదు. పని మూడింతలవుతుంది, నిజమే.

రక్తంలోకి ఎక్కించినప్పుడు కనబడే ఒక విచిత్రం చెప్తాను. నెగెటివ్ చార్జ్ ఉన్న కొన్ని లైపోజోములు, అంటే కొవ్వు బుడగలు, రక్తంలో కాసేపు కూడా తిరగవు, తోక దగ్గరి సిర గోడల్లోని కొన్ని కణాలు వాటిని గబగబా మింగేస్తాయి. ఆ కణాలకి స్టాబిలిన్-2 అనే గ్రాహకం, అంటే వచ్చినదాన్ని పట్టుకునే ప్రోటీన్, ఉంటుంది. మన కాలేయంలో రక్తనాళాల గోడల్లో ఉండే కణాలు చేసే పనే చేపలో ఇవి చేస్తున్నాయని 2018లో చూపించారు. ఇంత చిన్న పిండంలో, పారదర్శకంగా, మన కాలేయం చేసే పనికి ఒక నమూనా దొరికిందన్నమాట. ఇలాంటప్పుడు చేప మీద నా ప్రేమ రెట్టింపవుతుంది. రక్తనాళాలు ఆకుపచ్చగా మెరిసే చేపలున్నాయి, మాక్రోఫేజులు మెరిసేవి, న్యూట్రోఫిల్స్ మెరిసేవి ఉన్నాయి, ఈ రెండూ ఒంటిని కాపాడే తెల్ల రక్తకణాలు. రేణువుకి ఎరుపు రంగు వేస్తే ఎవరు ఎవర్ని మింగారో సినిమాలా చూడొచ్చు.

ఇప్పుడు కంట్రోల్స్, అంటే పోల్చి చూడటానికి పక్కన పెట్టే ప్లేట్లు. విద్యార్థులు ఇక్కడే ఎక్కువ మార్కులు పోగొట్టుకుంటారు. మందు నింపిన రేణువు వేస్తే పిండం దెబ్బతింది. దోషం ఎవరిది? మందుదా, దాన్ని మోసే బండిదా, బండి తయారీలో కడగకుండా వదిలేసిన రసాయనానిదా? తెలియాలంటే మందు లేని ఖాళీ రేణువు ఒక ప్లేటు, రేణువు లేకుండా మందు ఒక్కటే ఒక ప్లేటు, రేణువులను సెంట్రిఫ్యూజ్‌లో దించేసి పైన మిగిలిన ద్రవం ఒక్కటే ఒక ప్లేటు. ఈ మూడోది చాలామంది వదిలేస్తారు. బంగారు నానో కడ్డీలు చేసేటప్పుడు సీటాబ్ అనే డిటర్జెంట్ వాడతారు, అది సరిగా కడక్కపోతే పిండాన్ని చంపేది బంగారం కాదు, సబ్బు. లోహాల రేణువులైతే వాటి నుంచి కరిగి వచ్చే అయాన్లకి ఇంకో ప్లేటు.

ఉదాహరణకి గుడ్డు పగలడం ఆలస్యమైందనుకోండి. అబ్బో, ఎదుగుదల దెబ్బతింది అనేస్తాం. కాపర్ ఆక్సైడ్, జింక్ ఆక్సైడ్ రేణువుల విషయంలో తేలిందేమిటంటే, వాటి నుంచి కరిగిన లోహ అయాన్లు పొరను కరిగించే పొదిగే ఎంజైమ్‌ని అడ్డుకుంటాయి. లోపల పిండం బాగానే ఎదిగి ఉండొచ్చు, తలుపు తాళం మాత్రం పాడైంది. ఆలస్యం నిజమే, కారణం మనం అనుకున్నది కాదు.

ఉపరితలం ఎంత తేడా చేస్తుందో చెప్పడానికి డెండ్రిమర్లకి మించిన ఉదాహరణ లేదు. 2007లో చేసిన పని, పీమామ్ అనే డెండ్రిమర్. చివర్లలో అమైన్ గుంపులుండి పాజిటివ్‌గా ఉన్న డెండ్రిమర్ చేప పిండాల ఎదుగుదలను దెబ్బతీసి చంపింది. దాదాపు అంత సైజే ఉండి చివర్లలో కార్బాక్సిలిక్ గుంపులున్నది ఏమీ చేయలేదు. సైజు దాదాపు అదే, లోపలి చట్రం అదే, చివర్లే మారాయి. ఎలుకల్లోనూ ఇలాంటిదే ఉంది: 70 నానోమీటర్ల సిలికా రేణువులు గర్భంతో ఉన్న ఎలుకల్లో మాయ (ప్లసెంటా) దాటి పిండాలకి చేరి ఎదుగుదలను దెబ్బతీశాయని 2011లో చూపించారు, ఉపరితలం మార్చిన సిలికా అలా చేయలేదు. కాబట్టి "సిలికా సేఫా?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఏ సైజు, ఏ పూత, ఏ బ్యాచ్ అని అడగాలి.

చచ్చిందా బతికిందా అన్న నాలుగు ప్రశ్నలతో ఎదుగుదల భద్రత తేలదని ఈపాటికి మీకు అర్థమై ఉంటుంది. చేప పిండం మహా మొండిది. గుండె అసలు కొట్టుకోకపోయినా కొన్ని రోజులు బతుకుతుంది, ఒంటి పొర గుండానే ఆక్సిజన్ అందుతుంది కాబట్టి. అందుకని గుండె చుట్టూ నీరు చేరిందా, సొన సంచి ఉబ్బిందా, తోక వంకర పోయిందా, కళ్లు చిన్నవయ్యాయా, ఐదో రోజుకి ఈత సంచిలో గాలి నిండిందా, ముట్టుకుంటే పారిపోతోందా, లైటు ఆర్పితే ఎలా ఈదుతోంది, ఇవన్నీ చూడాలి. సగం పిండాలను చంపే డోసుని, సగం పిండాల్లో లోపాలు కలిగించే డోసుతో భాగిస్తే ఒక సంఖ్య వస్తుంది. అది ఒకటి కన్నా ఎంత పెద్దదైతే అంత అనుమానించాలి, ఎందుకంటే చంపనంత తక్కువ డోసులోనే ఒళ్లు పాడుచేస్తోందన్నమాట. చంపడం కన్నా నాకు అదే ఎక్కువ భయం.

స్కోరు వేసేవాడికి ఏ వెల్‌లో ఏముందో తెలియకూడదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. నేను తయారుచేసిన రేణువు ఉన్న వెల్‌లో కొంచెం వంకర తోక కనబడితే "ఆఁ, ఇది మామూలేలే" అనిపిస్తుంది, కంట్రోల్‌లో అదే కనబడితే రాసుకుంటాను. నేను దొంగని కాదు, మనసు అలా చేస్తుంది. ఇంకోటి, ఒకే జంట పెట్టిన 20 గుడ్లు 20 ప్రయోగాలు కావు, అన్నీ తోబుట్టువులు. ఆ రోజు గుడ్లు నాసిరకమైతే ఇరవయ్యీ నాసిరకమే. వేరు వేరు రోజుల్లో, వేరు వేరు జంటల గుడ్లతో కనీసం మూడుసార్లు చేసి, లెక్కలో మూడనే వేయండి, అరవై అని వేయకండి.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి. ఆ వెనకావిడ అడిగింది అందరికీ వినబడలేదేమో, మళ్లీ చెప్తాను: "చేపకి మాయ లేదు కదా, మరి తల్లి కడుపులో బిడ్డ గురించి ఇది ఏం చెప్తుంది?"

సూటిగా చెప్పాలంటే, సగమే చెప్తుంది. రేణువు పిండానికి చేరితే ఏం చేస్తుందన్నది చెప్తుంది. చేరుతుందా లేదా అన్నది చెప్పదు. దానికి వేరే పద్ధతులున్నాయి, ప్రసవమయ్యాక దానంగా ఇచ్చిన మనిషి మాయలో రక్తప్రవాహం నడిపించి చూస్తారు. 2010లో అలా చేసినప్పుడు 240 నానోమీటర్ల దాకా ఉన్న పాలిస్టైరీన్ రేణువులు దాటాయి. కాబట్టి మాయ గోడలా ఆపేస్తుందని ధీమా పడటానికి లేదు. ఇంకా తేడాలున్నాయి. చేప 28 డిగ్రీల దగ్గర ఉంటుంది, మనం 37 దగ్గర. కొవ్వు రేణువుల గట్టిదనం ఉష్ణోగ్రతతో మారుతుంది. చేప కాలేయం మొదటి రోజుల్లో ఇంకా పూర్తిగా తయారై ఉండదు, మూడో రోజు తర్వాత మెల్లగా పని మొదలుపెడుతుంది, అంటే శరీరంలో మారిన తర్వాత విషమయ్యే మందులు మొదట్లో దొరక్కుండా తప్పించుకోవచ్చు. నేను చేపని జల్లెడలా వాడతాను. యాభై రకాల రేణువుల్లో నలభైని ఇక్కడే పక్కన పెట్టేసి మిగిలినవాటినే ఎలుకల దాకా, కుందేళ్ల దాకా తీసుకెళ్లొచ్చు. అక్కడ చచ్చే జంతువులు తగ్గుతాయి. చేప దగ్గరే ఆగిపోయి మనుషులకి సేఫ్ అంటే ఒప్పుకోను.

"ఇందులో జంతు ప్రయోగాల అనుమతి అక్కర్లేదట కదా?" ఐరోపాలో 2010 నాటి నిబంధన ప్రకారం తనంతట తాను తిండి తినే దశ నుంచే చేపపిల్లకి రక్షణ మొదలవుతుంది, జీబ్రాఫిష్‌కి దాన్ని 120 గంటలుగా తీసుకుంటారు. మిగతా చోట్ల నిబంధన వేరుగా ఉండొచ్చు, మీ కమిటీనే అడగండి. అనుమతి అక్కర్లేదు కదా అని నిర్లక్ష్యంగా వందలకొద్దీ వాడేయడం మాత్రం నాకు నచ్చదు.

ఇంకొకరు అడుగుతున్నారు, "మీ మొదటి ప్లేటు కథ చివరికి ఏమైంది?" అని. రిపోర్టు వెనక్కి తీసుకున్నాను, సిగ్గుపడుతూనే. నీళ్లలో ముద్దకట్టకుండా ఉండే గాఢత వెతకడానికి కొన్ని వారాలు పట్టింది. తర్వాత అవే రేణువులను సొనలోకి ఎక్కించాను. మూడో రోజుకి చాలా పిండాల్లో గుండె చుట్టూ నీరు చేరింది. మందు వల్లేనని అందరం అనుకున్నాం, తయారుచేసినవాళ్లు కూడా. అప్పుడు ఖాళీ రేణువు ప్లేటు తీసి చూస్తే దానిలోనూ అంతే నీరు. మందు ఒక్కటే ఎక్కించినవి మాత్రం బాగానే ఈదుతున్నాయి. వాళ్లకి ఫోన్ చేసి, పూత మార్చి పంపండి అని చెప్పాను.